కాడుగోడి మిద్దెలు, మడులు: నగరంలో కూరగాయల సాగు

బెంగళూరు తూర్పు కొసన, హోస్కోట దారి మొదలయ్యే చోట ఉన్న కాడుగోడి చాలా కాలం చెరువు కింద సాగుతో బతికిన ఊరు. రాజేంద్ర చోళుడి కాలపు 1043 నాటి తమిళ శాసనం ఒకటి ఇక్కడ ఉంది. పక్కనున్న పట్టందూరు చెరువు కట్టించిన సంగతి, తూములు పెట్టించిన సంగతి, గుళ్లు వెలసిన సంగతి అందులో ఉన్నాయి. చెరువుతో పాటు తూములనూ రాయికెక్కించారంటే ఆ నీళ్లు ఏ పనికి ఉద్దేశించినవో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్లకు ఇదే నేల మీద మరో సాగు ప్రయత్నం జరిగింది. మైసూరు మహారాజు పదో చామరాజ ఒడెయరు 1882లో ఇక్కడి 3,900 ఎకరాలను యూరేషియన్, ఆంగ్లో-ఇండియన్ సంఘానికి ఇచ్చారు. ఆ సంఘానికి పెద్ద డి.ఎస్.వైట్, ఆయన పేరే వైట్‌ఫీల్డ్‌కు నిలిచింది. ఉద్యోగాల మీదే ఆధారపడ్డ కుటుంబాలు ఇక్కడ ఇళ్లు కట్టుకుని, తమ తిండి తామే పండించుకుని బతకాలన్నది ఆలోచన. పిల్లలు పెద్దవాళ్లై జీతాల వెంట బయటికి వెళ్లారు. ఇళ్లు మిగిలాయి, సేద్యం మిగల్లేదు. నగరవాసిని మళ్లీ మట్టి దగ్గరికి తేవాలన్న కోరిక ఈ ప్రాంతానికి కొత్తది కాదనడానికి, అది ఒక్క తరంలోనే చల్లబడిపోగలదనడానికి కూడా వైట్‌ఫీల్డ్ పుట్టుకే సాక్ష్యం.

మిగిలిన కథ వేగంగా నడిచింది. 1990లలో ఐటీ పార్కు వచ్చింది. 2007లో మహదేవపుర పురపాలక సంఘం బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. 2023 మార్చిలో మెట్రో వైట్‌ఫీల్డ్ (కాడుగోడి) స్టేషన్ దాకా వచ్చింది. 2025 సెప్టెంబరులో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీసినప్పుడు ఈ ప్రాంతం తూర్పు కార్పొరేషన్‌లోకి చేరింది. కోలారు, హోస్కోట వైపు నుంచి తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటికి తోడు రాయలసీమ, కోస్తా, తెలంగాణల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కట్టడం కూలీలు చేరారు. ఇద్దరూ పల్లెను వదిలి వచ్చినవాళ్లే. ఒకరికి అపార్ట్‌మెంటు బాల్కనీ దక్కింది, మరొకరికి రేకుల షెడ్డు.

ఇలాంటి చోట కూరగాయలు పండించడాన్ని సరదాగా చూడటం తేలిక. కానీ ఆ పని వెనక రెండు గట్టి కారణాలున్నాయి. మొదటిది చెత్త. బెంగళూరు చెత్తను ఏళ్ల తరబడి మోసిన మండూరు కాడుగోడికి ఉత్తరాన, ఎంతో దూరం లేని ఊరు. అక్కడి జనం నీళ్లు చెడి, ఈగలతో విసిగి రోడ్డెక్కాక 2014 డిసెంబరు 1 నుంచి అక్కడికి లారీలు ఆగాయి. తర్వాతి ఏడాది కర్ణాటక హైకోర్టు ఇంటింటా తడి చెత్త, పొడి చెత్త, మిగతా చెత్త వేరు చేయాలని చెప్పింది. ఇళ్ల చెత్తలో సగానికి పైగా ఉండేది కూరల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన పూలే. దాన్ని ఎవరి ఊరికో పంపకుండా ఉండాలంటే దాన్ని తినే మట్టి దగ్గర్లో ఉండాలి. రెండో కారణం నీరు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి, కట్టడాలకు వాడకూడదని బెంగళూరు జలమండలి నిషేధించింది. ఉల్లంఘనకు 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అంటే ఇక్కడ తోట వేయాలనుకునేవారు తాగని నీటితోనే వేయాలి.

బెంగళూరులో మిద్దె సాగుకు ఇప్పుడు ఒక తరం అనుభవం ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్త డాక్టర్ బి.ఎన్.విశ్వనాథ్ 1990ల మధ్య నుంచి నగరవాసులకు సేంద్రియ మిద్దె సాగు నేర్పుతూ వచ్చారు. 2011లో ఫేస్‌బుక్‌లో మిద్దె సాగుదారుల బృందం ఏర్పడింది. ‘ఊట ఫ్రమ్ యువర్ తోట’ (కన్నడంలో ఊట అంటే భోజనం) పేరుతో సంతలు మొదలయ్యాయి. వాటిలో విత్తనాలు, నారు, కంపోస్టు కుండలు అమ్ముతారు. అంతకన్నా ఎక్కువగా చీడల గురించి మాట్లాడుకుంటారు. తెలుగునాట అదే ఏడాది సాక్షి దినపత్రిక ‘ఇంటిపంట’ శీర్షిక మొదలుపెట్టింది. హైదరాబాదులో ఉద్యాన శాఖ మిద్దె సాగు సామగ్రిని సగం ధరకు ఇచ్చింది. సుస్థిర వ్యవసాయ కేంద్రం తార్నాకలో శిక్షణ నడిపింది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి మీద తోట పెంచి, ‘మిద్దెతోట’ అన్న మాట జనం నోట నానేలా చేశారు. సర్కారు సబ్సిడీ సంచుల కన్నా ఆయన ఇటుక మడులే ఎక్కువ మందిని కదిలించాయనిపిస్తుంది. ఎదుటివాడి మిద్దె మీద కాసిన సొరకాయకున్న బలం కరపత్రానికి లేదు.

ఇంతకీ మిద్దె మీద ఎంత పండుతుంది? ఈ ప్రశ్నకు ఉత్సాహవంతులు ఒక జవాబు, పెదవి విరిచేవారు మరో జవాబు చెబుతారు. లెక్క వేసి చూడటమే మేలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. తిండి గింజలు 250 గ్రాములు. నలుగురున్న ఇంటికి ఏడాదికి 365 కిలోల గింజలు. ఎకరాకు రెండు టన్నుల వడ్లు పండే పొలంలో, మర పట్టాక మూడింట రెండు వంతులు బియ్యం వస్తాయనుకుంటే, ఆ గింజల కోసం ఒక కారులో పావు ఎకరాకు మించి నేల కావాలి. కాడుగోడిలో పావు ఎకరా మిద్దె ఎవరికీ లేదు. బియ్యం, పప్పు, నూనె, ఉల్లి, ఆలు నగరం పండించుకోలేదు, పండించుకోవాల్సిన అవసరమూ లేదు. టమాటాకు కోలారు ఉండనే ఉంది.

ఆకుకూర సంగతి వేరు. రోజుకు మనిషికి నూరు గ్రాముల ఆకు అనుకుంటే ఆ ఇంటికి ఏడాదికి 146 కిలోలు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ‘అర్కా సుగుణ’ తోటకూర మళ్లీ మళ్లీ కోసుకునే రకం. విత్తిన నాలుగు వారాలకు మొదటి కోత. మూడు నెలల్లో ఐదారు కోతలు. దిగుబడి హెక్టారుకు 25 టన్నుల పైమాట. చదరపు మీటరుకు రెండున్నర కిలోలన్నమాట. పరిశోధన క్షేత్రంలో పండినంత మిద్దె మీద పండదు కాబట్టి సగమే పట్టుకుందాం. ఏడాదికి నాలుగు పంటలు వేస్తే చదరపు మీటరుకు ఐదు కిలోలు. ఆ ఇంటి ఆకుకూర మొత్తానికి 30 చదరపు మీటర్లు, అంటే సుమారు 320 చదరపు అడుగుల మడి చాలు. ముప్పై–నలభై అడుగుల సైటులో కట్టిన ఇంటి మిద్దెలో అది మూడో వంతు. పైగా ఆకుకూరే కోసిన గంటల్లో వాడిపోయే సరుకు. దూరం నుంచి వస్తే విలువ పోగొట్టుకునేదీ అదే, మురుగు నీటి పారకం వల్ల ఎక్కువ అనుమానానికి గురయ్యేదీ అదే. నగర సాగుకు అసలైన పంట ఆకుకూర. తర్వాత పచ్చిమిర్చి, వంగ, బెండ, పందిరి మీద పాకే చిక్కుడు, బీర, కాకర. ఆ తర్వాతివన్నీ మోజు.

మడి ఎక్కడ పెట్టాలన్నది మట్టి కన్నా ముందు కట్టడం తేల్చే విషయం. మనుషులు తిరిగే కప్పు మీద చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. తడిసిన ఎర్రమట్టి ఘనపు మీటరు 1,800 కిలోల దాకా తూగుతుంది. అర అడుగు మందాన పరిస్తేనే 270 కిలోలు. కప్పు మోయాల్సిన దానికి దాదాపు రెట్టింపు. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండా తడి మట్టి ఉంటే 360 కిలోలు, అదీ నాలుగు చదరపు అడుగుల చోట కూడా పట్టని అడుగు భాగం మీద. కొబ్బరి పొట్టు, కంపోస్టు ఎక్కువగా కలిపిన తేలిక మిశ్రమం తడిసినా దీనిలో సగం కూడా తూగదు. అందుకే అనుభవజ్ఞులు బరువైన కుండీలను దూలాల వెంబడి, గోడల పైభాగాన పెడతారు. కప్పు నడుమ తేలిక సంచులు ఉంచుతారు. మడులను నేలకు తాకించకుండా ఇటుకల మీద ఎత్తి, కింద నీరు నిలవకుండా చూస్తారు. పాత ఇళ్లకు, ఇంజనీరు పేరు ఎవరికీ గుర్తులేని ఇళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఎండ లెక్క కాడుగోడిలో కాస్త చిక్కు. ఆకుకూరలకు మూడు నాలుగు గంటల ఎండ సరిపోతుంది. కాయగూరలకు ఆరు గంటలు కావాలి. పదమూడో అక్షాంశం మీద ఉన్న ఈ ఊళ్లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీల ఎత్తు దాకానే ఎక్కుతాడు. పది అంతస్తుల భవనం, అంటే ముప్పై మీటర్ల గోడ, అప్పుడు ఉత్తరం వైపు 22 మీటర్ల నీడ పరుస్తుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్న సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు. చలికాలమంతా చీకట్లో ఉన్న ఉత్తరపు బాల్కనీకి ఆ నాలుగు నెలలూ ఎండ పడుతుంది. ఎత్తయిన భవనాల మధ్య ఉన్న ఉమ్మడి స్థలంలో పాదులు వేసే ముందు ఒక ఏడాది నీడను గమనించినవారికి నష్టం తక్కువ. అంత ఓపిక లేకపోతే ఫోనులో సూర్యుడి దారి చూపే యాప్ ఉంది.

మట్టి విషయంలో సుస్థిరత అన్న మాట తరచూ జారిపోతుంది. కొత్త లేఔట్లలో దొరికే నేల గులకతో కూడిన ఎర్రమట్టి. దానిలో సిమెంటు పెళ్లలు, సున్నం కలిసి క్షారగుణం పెరిగి ఉంటుంది. దాన్ని బాగు చేసుకోవడం మానేసి, పల్లెల నుంచి లారీల మీద పైమట్టి తెప్పించుకోవడం రివాజైంది. ఒక రైతు నేలను బోసి చేసి ఒక మిద్దెను పచ్చగా చేస్తే లోకానికి మిగిలేది ఏమీ లేదు. ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన కంపోస్టు ఒక పాలు, కాస్త వేపపిండి అన్నది చాలాచోట్ల నడిచే కొలత. ఆ మట్టిని పంట పంటకూ పారేయకుండా ఎండబెట్టి, మళ్లీ ఎరువు కలిపి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. కొబ్బరి పొట్టును బాగా కడగకపోతే అందులోని ఉప్పు మొలకను చంపుతుంది. హెసరఘట్ట సంస్థ దీన్ని సూక్ష్మజీవులతో మాగబెట్టే పద్ధతిని ‘అర్కా’ పేరుతోనే ఇచ్చింది.

కంపోస్టు దగ్గరకు వస్తే నగర తోట అసలు లెక్క తేలుతుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో దాకా తడి చెత్త తేలుతుంది. అది మాగి ఎరువయ్యేసరికి నాలుగో వంతుకో ఐదో వంతుకో తగ్గుతుంది: ఏడాదికి డెబ్బై ఐదు నుంచి తొంభై కిలోలు. ఇందాకటి 30 చదరపు మీటర్ల ఆకుకూర మడికి దాన్ని పంచితే చదరపు మీటరుకు రెండున్నర నుంచి మూడు కిలోలు పడుతుంది. కూరగాయల పొలానికి హెక్టారుకు 25 టన్నుల పశువుల ఎరువు వేయమని వ్యవసాయ శాఖలు చెప్పే మాట కూడా ఇంచుమించు అంతే. ఒక ఇంటి వంటగది వదిలేది, ఆ ఇంటి ఆకుకూరకు కావలసింది దాదాపు సమానం. ఈ లెక్క కుదిరే ఇంటికి బయటి నుంచి ఎరువు రానక్కర్లేదు, బయటికి తడి చెత్త పోనక్కర్లేదు. నగర తోటను పండిన కిలోలతో మాత్రమే కొలిచేవారు ఈ రెండో పంటను లెక్కలో వేయడం మరచిపోతారు.

మాగబెట్టే విధానం కష్టం కాదు, కానీ నియమం ఉంది. పచ్చి చెత్తలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. రెండింటి నిష్పత్తి ఒకటికి ఇరవై ఐదు–ముప్పై దగ్గర ఉంటే సూక్ష్మజీవులు హాయిగా పని చేస్తాయి. అందుకు ఎండుటాకులు, రంపపు పొట్టు, కొబ్బరి పీచు కలపాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో బెంగళూరు చెట్లు రాల్చే ఆకు వీధుల్లో కుప్పలుగా పడి ఉంటుంది. దాన్ని కాల్చడం నేరం, దాచుకోవడం తెలివి. తేమ పిండితే నీరు కారనంత, పట్టుకుంటే చేయి తడిసేంత ఉండాలి. కంపు వస్తోందంటే గాలి తక్కువ, నీరు ఎక్కువ అని అర్థం. కుప్ప పెద్దదైతే లోపల 55 డిగ్రీలు దాటి వేడెక్కి రోగకారకాలు, కలుపు విత్తనాలు చస్తాయి. బాల్కనీలోని చిన్న మట్టి కుండలో అంత వేడి పుట్టదు కనుక మరికొన్ని వారాలు ఎక్కువ మాగనివ్వాలి. బెంగళూరుకే చెందిన ‘డెయిలీ డంప్’ సంస్థ 2006 నుంచి మూడంతస్తుల మట్టి కుండలను ఇళ్లకు చేర్చి ఈ పనిని వంటింటి గుమ్మం దాకా తెచ్చింది. పెద్ద అపార్ట్‌మెంట్లకు మరో ఒత్తిడి ఉంది: రోజుకు సగటున నూరు కిలోలు దాటి చెత్త వచ్చే చోటును 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు పెద్ద ఉత్పత్తిదారుగా లెక్కించి, తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే మాగబెట్టమన్నాయి. ఆ ఎరువు ఎక్కడ వేయాలో తెలియక పచ్చిక మీద పోసే సముదాయాలు చాలా ఉన్నాయి. పక్కనే కూరగాయల మడి ఉంటే ఆ సమస్యే ఉండదు.

నీటికి మూడు దారులున్నాయి: వాన, శుద్ధి చేసిన మురుగు, వంటింటి కడుగు నీళ్లు. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నూరు చదరపు మీటర్ల కప్పు మీద పడినదానిలో ఐదింట నాలుగు వంతులు పట్టినా 77,000 లీటర్లు. 30 చదరపు మీటర్ల మడికి ఎండాకాలంలో రోజుకు 120 నుంచి 150 లీటర్లు కావాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా వాన నమ్మకం లేని నాలుగు నెలలకు సుమారు 16,000 లీటర్ల నిల్వ ఉంటే గట్టెక్కవచ్చు. ఆ నిల్వను మిద్దె మీద పెట్టలేరు. నేల కింది సంపులోనే ఉండాలి. బెంగళూరులో 2009 నుంచి కొత్త ఇళ్లకు వాననీటి పట్టు ఏర్పాటు చట్టం ప్రకారం తప్పనిసరైంది. చాలా ఇళ్లలో ఆ ఏర్పాటు గొట్టం దాకానే ఉంది, సంపు దాకా లేదు. మడి మీద ఎండుటాకు, ఎండుగడ్డి రెండంగుళాలు కప్పితే నీటి ఖర్చు బాగా తగ్గుతుంది. ఇంతకన్నా చవకైన పరికరం నగర సాగులో లేదు.

అపార్ట్‌మెంట్ల మురుగు శుద్ధి కేంద్రాల నీరు ఏడాది పొడవునా దొరికేది. కానీ కాడుగోడి వైపు బోరు నీళ్లు గట్టి నీళ్లు. వాటిని మెత్తబరచడానికి ఉప్పుతో నడిచే యంత్రాలు వాడతారు. ఆ సోడియం అంతా చివరికి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో చేరుతుంది. కుండీలో పోస్తే మొదట ఆకుల అంచులు మాడతాయి, తర్వాత మట్టి బిగుసుకుపోతుంది. ఆర్.ఓ. యంత్రం వదిలే నీటిదీ ఇదే గుణం. వాననీటితో మార్చి మార్చి పోసి ఉప్పును కిందికి కడగడమే దీనికి మందు. రోగకారకాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు చెప్పే దారి తేలికైనది: నీటిని ఆకు మీద చల్లకుండా బొట్టు బొట్టుగా వేరు దగ్గర పెట్టడం, కోతకు కొన్ని రోజుల ముందు ఆపడం, పచ్చిగా తినే వాటికి వాడకపోవడం, వండే ముందు కడగడం. కొత్తిమీరకు, కీరాకు ఆ నీరు వద్దు. వంగకు, మునగకు పరవాలేదు.

ఈ నీటి కథకు కాడుగోడి దాటిన పెద్ద రూపం ఒకటి ఉంది. కోరమంగళ–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన బెంగళూరు మురుగును 2018 జూన్ నుంచి గొట్టాల్లో కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. పథకం లక్ష్యం రోజుకు 440 మిలియన్ లీటర్లు. చెరువులు నిండాయి, బోర్లలో నీరు పైకొచ్చింది. మూడో దశ శుద్ధి లేకుండా నీళ్లు వదులుతున్నారన్న అభ్యంతరంతో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నగరం తాగి వదిలిన నీరు కోలారుకు పోయి, ఆ చుట్టుపక్కల పండిన కూరగాయలు మళ్లీ నగరానికే వస్తాయి. శుద్ధి బాగుంటే ఇదీ మిద్దె మీది చక్రం లాంటిదే, జిల్లా అంత పెద్దది. బాగుండకపోతే ఏమవుతుందో బెళ్లందూరు, వర్తూరు చెరువులు నురగ కక్కి, మంటలు లేపి చూపించాయి. ఆ మురుగు కాలువల వెంబడి పెరిగిన ఆకుకూరల్లో భార లోహాలు చేరతాయన్న భయమే చాలామందిని కుండీ వైపు నడిపించింది. అయితే కుండీ కూడా దానంతట అది పవిత్రం కాదు. రద్దీ రోడ్డు పక్క దుమ్ము, పాత రంగు పెచ్చులు, ఎక్కడిదో తెలియని పూడిక మట్టి సీసాన్ని తెచ్చిపెడతాయి. ఖాళీ సైటులో తోట వేసే ముందు మట్టిని ప్రయోగశాలకు పంపడం వృథా ఖర్చు కాదు.

చీడలకు మిద్దె ప్రత్యేకమైన చోటు. నేల తోటలో పేనుబంకను తినే అక్షింతల పురుగులు వాటంతట అవే వస్తాయి. ఏడో అంతస్తుకు రావు. బంతి, సోంపు, తులసి పూయిస్తే కొంత నయం. పిండినల్లికి నీటి ధార, లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె కాస్త సబ్బుతో కలిపి కొట్టడం, ముదిరిన కొమ్మ తీసేయడం: అంతకు మించి అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో ఎకరాకు రెండు వందల లీటర్లు చేసే జీవామృతాన్ని ఇరవయ్యో వంతుకు కుదిస్తే పది లీటర్లకు అరకిలో పేడ, అర లీటరు మూత్రం, నూరు గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి. కాడుగోడిలో ఆవులు ఇంకా ఉన్నాయి; వాటిని పెంచేవాళ్లతో మాట కలిపితే పేడకు లోటు లేదు. తేనెటీగలు అందని ఎత్తులో తీగ కూరగాయలకు పరాగ సంపర్కం చేత్తోనే చేయాలి. కాకర, గుమ్మడి, కీరా పూలు పొద్దున విప్పుతాయి; బీర, సొర సాయంత్రం. ఈ సంగతి తెలియక పొద్దున్నే కుంచె పట్టుకుని సొర పందిరి కింద నిలబడేవారు పిందెలు రాలిపోతున్నాయని ఎరువు మారుస్తుంటారు. విత్తనం దాచుకోవాలంటే టమాటా, చిక్కుడు, గోంగూర నయం. సొర, గుమ్మడి వంటి తీగలు పక్కింటి రకంతో కలిసిపోతాయి. ‘సహజ సమృద్ధ’ వంటి సంస్థలు నడిపే విత్తన మేళాల్లో దేశీ రకాలు దొరుకుతాయి. ఇక గోంగూర విత్తనాలు పండగకు ఊరెళ్లిన వాళ్ల సంచుల్లో వస్తూనే ఉంటాయి.

ఇంతవరకు చెప్పినదంతా మిద్దె ఉన్నవారి సంగతి. సముదాయ తోట ప్రశ్న అక్కడ తెగదు. కాడుగోడి చుట్టుపక్కల సేద్యం బాగా తెలిసినవారు కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్లకు పిడికెడు మట్టి లేదు. చోటున్నవారిలో చాలామందికి నారు ఎంత లోతున నాటాలో తెలియదు. ఉమ్మడి తోట ఈ ఇద్దరినీ కలిపే చోటు కాగలదు, కూలి ఇచ్చి కలుపు తీయించుకునే మరో పచ్చికగానూ మిగిలిపోగలదు. పంటలో వాటా ఎవరికన్నది మొదటే తేలితే ఈ రెండిట్లో ఏది అవుతుందో కూడా తేలుతుంది. బెంగళూరులో 2017లో మొదలైన ‘ఫార్మిజెన్’ మరో దారి చూపింది: నగరవాసి ఊరి బయటి రైతు పొలంలో 600 చదరపు అడుగుల మడిని నెల అద్దెకు తీసుకుంటాడు, రైతు పండిస్తాడు, పంట ఇంటికి వస్తుంది. రైతుకు నికరమైన రాబడి ఉంటుంది. నగరవాసి చేతికి మాత్రం మట్టి అంటదు.

ఉమ్మడి తోటను నిజంగా నిలబెట్టేది ఎరువు కాదు, హక్కు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ఇళ్ల దగ్గర, ఖాళీ స్థలాల్లో వేసిన తోటలు దేశానికి కావలసిన తాజా కూరగాయల్లో నలభై శాతం దాకా పండించాయని అంచనా. యుద్ధం ముగియగానే వాటిలో ఎక్కువ భాగం మాయమైంది. అవసరం తీరింది, చోటు సొంతదారులకు తిరిగి వెళ్లింది. బ్రిటన్‌లో అలా జరగలేదు. అక్కడ 1908 చట్టం, అడిగినవారికి తోట మడులు ఇచ్చే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. 1925 చట్టం మంత్రి అనుమతి లేకుండా ఆ నేలను అమ్మకుండా అడ్డుపడింది. ఒక మడి సుమారు 250 చదరపు మీటర్లు. సోవియట్ సాయం ఆగిపోయిన 1990లలో హవానా తన ఖాళీ స్థలాలను కూరగాయల మడులుగా మార్చగలిగిందంటే, సర్కారు ఆ నేలను సాగుదారుకు అద్దె లేకుండా అనుభవించే హక్కుతో ఇవ్వడం అందుకు పెద్ద కారణం.

కాడుగోడిలో ఇలాంటి హక్కు ఎక్కడా లేదు. ఖాళీ సైటు ధర ఏటేటా పెరుగుతుంది. యజమాని ఎప్పుడైనా పునాది తవ్వవచ్చు. నగర ఉద్యానాలు 1985 నాటి కర్ణాటక పార్కుల చట్టం కింద ఉన్నాయి; వాటిలో కూరగాయలు వేయాలంటే కార్పొరేషన్ సమ్మతి కావాలి. చెరువు గట్టు, రాజకాలువ అంచు ఖాళీగా కనిపించినా అవి నీటి దారులు, సాగుకు ఇవ్వకూడనివి. మిగిలేవి అపార్ట్‌మెంట్ల ఉమ్మడి స్థలాలు, బడులు, అంగన్‌వాడీలు, గుళ్లు, చర్చిల ఆవరణలు. వీటిలో బడి, అంగన్‌వాడీ అన్నిటికన్నా తగినవి: అక్కడ వంట ఉంది కనుక తడి చెత్తా ఉంది, పండిన కూరకు గిరాకీ ఉంది, నేల చేతులు మారదు. కావలసిందల్లా వేసవి సెలవుల్లో నీళ్లు పోసే మనిషి.

సొంతదారు ఒప్పుకున్న ఖాళీ సైటులో తోట వేసేవారు ఒక కాగితం రాసుకోవడం మంచిది. చివరి పంట కోసుకునేందుకు కనీసం మూడు నెలల గడువు, మట్టిని, మడి చట్రాలను వెంట తీసుకుపోయే వీలు, నీటి బిల్లు ఎవరిది, పంట పంపకం ఎలా, రసాయన మందులు వాడరాదన్న షరతు: ఇవి రాతలో ఉంటే తర్వాతి పేచీలు సగం తగ్గుతాయి. అలాంటి చోట నేలలో కాకుండా ఎత్తి పట్టుకుపోగలిగిన సంచుల్లో, పెట్టెల్లో సాగు చేస్తారు. మెంతి, తోటకూర, పాలకూర, ముల్లంగి వంటి నెలా రెండు నెలల పంటలు వేస్తారు; మిర్చి, వంగ కొన్ని కుండీల్లో పెడతారు. ఏళ్ల తరబడి చోటు కదపకూడని మునగను, కరివేపాకును మాత్రం బడి ఆవరణకో, అపార్ట్‌మెంటు ప్రహరీ పక్కకో వదిలేస్తారు.